రాయ్‌పూర్ నుంచి ఖాళీగా రావాల్సి వస్తోంది, ఈ లోడు యాప్‌లను నమ్మొచ్చా?

ఉద్దానం_పదిటైర్లు:

అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె. పది టైర్ల లారీ ఒకటి ఉంది, ఫైనాన్స్ ఇంకా నడుస్తోంది, నేషనల్ పర్మిట్ ఉంది. బండి నాది, తోలేది మా బావమరిది. కంచిలి, కవిటి వైపు నుంచి కొబ్బరికాయలు రాయ్‌పూర్ వేస్తుంటాం. వెళ్లేటప్పుడు ఏ టెన్షనూ లేదు, తెలిసిన వ్యాపారులే, కాయ ఎక్కుతుండగానే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. గొడవంతా తిరుగు లోడు దగ్గరే.

రాయ్‌పూర్‌లో మాకు తెలిసిన బ్రోకర్ ఒక్కడే. అన్‌లోడ్ అయ్యాక ఫోన్ చేస్తే రేపు అంటాడు, రేపు చేస్తే సాయంత్రం అంటాడు, చివరికి బండి పడి ఉండి పడి ఉండి మనమే దిగొచ్చాక ఎవరూ ముట్టుకోని రేటుకి ఒక లోడు చెబుతాడు. వద్దనుకుని ఖాళీగా వచ్చేద్దామంటే సోంపేట దాకా 600 కిలోమీటర్ల పైనే, ఖాళీ బండి లీటరుకి ఐదు ఇస్తుందనుకున్నా 120 లీటర్లు, అంటే డీజిల్‌కే పదకొండు పన్నెండు వేలు మన జేబులోంచి.

వాహక్, బ్లాక్‌బక్, వీల్స్‌ఐ ఇవన్నీ ఫోన్‌లో వేసి చూశాను. లోడ్లు బోలెడు కనిపిస్తున్నాయి. ఫోన్ చేస్తే సగం మంది 'ఆ లోడు వెళ్లిపోయింది' అంటారు. కొంతమంది 'నీ రేటు చెప్పు' అని పెట్టేస్తారు. ఒకాయనైతే బండి పేపర్లు, డ్రైవర్ ఆధార్ వాట్సాప్‌లో పెట్టించుకుని, ఫ్యాక్టరీ గేట్ పాస్‌కి రెండు వేలు ఫోన్‌పే చెయ్యమన్నాడు, లోడు ఎక్కాక అడ్వాన్స్‌లో కలిపేస్తాడట. పంపలేదు లెండి.

ఇందులో నిజంగా లోడ్లు తీస్తున్నవాళ్లు మన జిల్లాల్లో ఎవరైనా ఉన్నారా? ఎలా తీస్తున్నారు? ముక్కూమొహం తెలియనివాడి లోడు ఎక్కించుకుంటే బ్యాలెన్స్ ఎవరిని అడగాలి?

సాలూరు_ఘాట్:

తమ్ముడూ, యాప్ మంచిదా చెడ్డదా అన్నది తర్వాత. ముందు నువ్వు లోడు ఎప్పుడు వెతుకుతున్నావో చూసుకో. అన్‌లోడ్ అయ్యి, ఖాళీ బండి రోడ్డు పక్కన పెట్టి, డ్రైవర్ అన్నం తిని, అప్పుడు ఫోన్ తీస్తే నీ గొంతులోనే తెలిసిపోద్ది అవతలివాడికి, వీడు ఇరుక్కున్నాడని. మేము జగదల్‌పూర్ దాటగానే మొదలుపెడతాం. కేశ్‌కాల్ ఘాట్ దిగేసరికి రెండు మూడు లోడ్లు మాటల్లో ఉండాలి. 'రేపు మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది, పది టైర్లు, ఓపెన్ బాడీ, పద్దెనిమిది టన్నులు, ఆంధ్రా వైపు' అని యాప్‌లో బండిని ముందే పెట్టెయ్. లోడు వెతకడమే కాదు, బండిని పెట్టడం కూడా ఉంటుంది అందులో, చాలామంది అది చెయ్యరు. బండి పెడితే లోడున్నవాడే నీకు ఫోన్ చేస్తాడు. వాడు చేస్తే రేటు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

రెండో సంగతి, రాయ్‌పూర్ అంటే ఊరు ఒక్కటే కాదు. రాడ్లు, యాంగిల్స్, స్పాంజ్ ఐరన్ అయితే సిల్తరా, ఉర్లా ఫ్యాక్టరీల వైపు వెతకాలి. బియ్యం అయితే ధమ్తరి. ధమ్తరి మనం వచ్చే దారిలోనే, రాయ్‌పూర్‌కి ఇవతల 75 కిలోమీటర్లు, అంతా రైస్ మిల్లులే. ఛత్తీస్‌గఢ్ బియ్యం కాకినాడ పోర్టుకీ వైజాగ్ పోర్టుకీ ఎక్స్‌పోర్ట్‌కి దిగుతుంది. కాబట్టి యాప్‌లో 'రాయ్‌పూర్ టు శ్రీకాకుళం' అని కొడితే ఏమీ కనిపించదు. శ్రీకాకుళానికి రోజూ అంత సరుకు ఎవడు పంపుతాడు? 'ధమ్తరి టు కాకినాడ', 'రాయ్‌పూర్ టు విశాఖపట్నం' అని కొట్టు.

కాకినాడ అయితే ఇంటికి దూరం కదా అంటావు. అక్కడ ఆగిపోకు. కాకినాడలో నూనె రిఫైనరీలు ఉన్నాయి, ఎరువుల ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఆ నూనె డబ్బాలూ ఎరువుల బస్తాలూ మన రెండు జిల్లాలకీ వస్తూనే ఉంటాయి. రాయ్‌పూర్, కాకినాడ, సోంపేట, ఇలా మూడు ముక్కలుగా వేసుకుంటే ఖాళీగా తిరిగేది చాలా తక్కువ. ఒకే లోడు మీద నేరుగా ఇంటికి రావాలని పట్టుబడితేనే కష్టం.

ఇంకొకటి, టన్ను రేటు చూసి ఆగిపోకు. రాడ్ల లోడు 30 వేలు కిరాయి, కానీ రెండు రోజులు లైన్‌లో ఉండాలి అనుకో. బియ్యం 26 వేలే, ఇవాళే ఎక్కుతుంది అనుకో. నీ ఫైనాన్స్ వాయిదా నెలకి 45 వేలైతే రోజుకి పదిహేను వందలు, డ్రైవర్ జీతం బత్తా ఇంకో వెయ్యి. రెండు రోజులు ఆగితే ఐదు వేలు కదిలిపోయింది. 30లో ఐదు తీస్తే 25. అక్కడ కంచిలిలో కొబ్బరికాయల లోడు ఇంకొకడి బండిలో ఎక్కిపోతే ఆ నష్టం ఈ లెక్కలో లేదు.

రింగురోడ్డు_విజయనగరం:

యాప్‌లన్నీ వేస్ట్ అండీ. లారీ ఓనర్ల అసోసియేషన్ సీరియల్‌లో బండి పెట్టుకుని వంతు వచ్చాక లోడు తీసుకుంటే ఏ గొడవా ఉండదు. నాలుగు తరాల నుంచి ఇలాగే నడిచింది.

సాలూరు_ఘాట్:

సీరియల్ మన ఊళ్లో బావా. రాయ్‌పూర్‌లో నీ సీరియల్ ఎవడు రాస్తాడు? సాలూరు లారీలు పెరిగింది సీరియల్ మీదే, నేను కాదనను. కానీ అది వెళ్లే లోడుకి. వచ్చే లోడుకి అప్పుడూ బ్రోకరే దిక్కు, ఇప్పుడూ బ్రోకరే దిక్కు. యాప్ వచ్చాక ఒక్క బ్రోకర్ బదులు యాభై మంది కనిపిస్తున్నారు, అంతే తేడా.

గాజువాక_బుకింగ్:

నేను బుకింగ్ ఆఫీసులో పనిచేస్తాను, అంటే మీరందరూ తిట్టుకునే బ్రోకర్ల తాలూకు మనిషినే. లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

'లోడు వెళ్లిపోయింది' అని ఎందుకు అంటారంటే, ఫ్యాక్టరీ వాడు ఒక లోడు ఒక ట్రాన్స్‌పోర్టర్‌కి ఇస్తాడు. అతని దగ్గర సొంత బండి లేదు, తెలిసిన ముగ్గురు బ్రోకర్లకి చెబుతాడు. ఆ ముగ్గురూ వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు, అక్కడ చూసినవాడు యాప్‌లో పెడతాడు. మీకు ఐదు లోడ్లు కనిపిస్తాయి, ఉన్నది ఒక్కటే. యాప్‌లో పెట్టినవాడికి చాలాసార్లు ఫ్యాక్టరీ పేరు కూడా తెలియదు. అందుకే రేటు అడిగే ముందు ఇవి అడగండి: ఏ ఫ్యాక్టరీ, ఏ సరుకు, ఎన్ని టన్నులు, ఎల్ఆర్ (లారీ రసీదు) ఎవరి పేరు మీద వస్తుంది, అడ్వాన్స్ ఎవరి అకౌంట్ నుంచి పడుతుంది. నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేయండి. అసలు ట్రాన్స్‌పోర్టర్ అయితే ఇవి నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మధ్యలో ఒకడుంటే ఫర్వాలేదు, వాడి కమీషన్ వాడిది. ముగ్గురుంటే మాత్రం మీ కిరాయిలోంచి ముగ్గురికీ పోతుంది, పైగా బ్యాలెన్స్ దగ్గర ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

గేట్ పాస్ డబ్బులు, టోకెన్ డబ్బులు, రిజిస్ట్రేషన్ డబ్బులు, పేరేదైనా లోడు ఎక్కకముందు లారీవాడి దగ్గర డబ్బు అడిగితే అది మోసమే. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. డబ్బు ఎప్పుడూ సరుకు వైపు నుంచి బండి వైపుకే రావాలి. మీరు పంపిన ఆ పేపర్లు కూడా చిన్న విషయం కాదండోయ్. మీ ఆర్సీ, మీ డ్రైవర్ లైసెన్స్ చూపించి వాడు ఇంకొక ట్రాన్స్‌పోర్టర్ దగ్గర మీ పేరు మీదే లోడు మాట్లాడి, అడ్వాన్స్ కొట్టేసే రకాలు ఉన్నారు. ఇక మీదట పేపర్ల ఫోటో మీద అడ్డంగా 'ఫలానా లోడు కోసం మాత్రమే' అని, తేదీ వేసి రాసి పంపండి.

పార్టీని చూసుకోవడానికి ఖర్చేమీ లేదు. జీఎస్టీ నంబరు అడిగి జీఎస్టీ పోర్టల్‌లో కొడితే కంపెనీ పేరు, అడ్రస్, రిజిస్ట్రేషన్ నడుస్తోందో రద్దయిందో కనిపిస్తుంది. అడ్వాన్స్ వేసే అకౌంట్ పేరూ, ఆ పేరూ ఒకటేనా చూడండి. ఫ్యాక్టరీ ల్యాండ్‌లైన్‌కి మీరే ఫోన్ చేసి 'ఫలానా ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి ఇవాళ లోడు ఇచ్చారా' అని డిస్పాచ్‌లో అడగండి. బ్రోకర్ ఇచ్చిన నంబరుకి కాదు, మీరు వెతుక్కున్న నంబరుకి. మోటారు వాహనాల చట్టం 93వ సెక్షన్ ప్రకారం సరుకు బుక్ చేసే ఏజెంట్‌కి లైసెన్స్ ఉండాలి, అదీ అడగొచ్చు. చూపించేవాళ్లు తక్కువనుకోండి.

బ్యాలెన్స్ సంగతి. తెలిసిన పార్టీ అయితే 80 శాతం అడ్వాన్స్, మిగతాది పీవోడీ (సరుకు అందినట్టు సంతకం పెట్టిన కాగితం) వెళ్లాక. కొత్తవాడు అయితే 90కి తగ్గకండి, అది కూడా బండి గేటు దాటకముందు పడాలి, 'ముందు బయల్దేరు, దారిలో వేస్తా' అంటే తాళం తిప్పొద్దు. టు పే లోడు దొరికితే ఇంకా మంచిది, దిగిన చోటే పార్టీ కిరాయి ఇచ్చేస్తాడు. అయితే ఎల్ఆర్ మీద 'టు పే' అనీ, ఎంత మొత్తమో, హాల్టింగ్ (బండి ఆగిపోతే ఇచ్చే డబ్బు) ఎన్ని గంటల తర్వాత రోజుకి ఎంతో రాయించుకోండి. నోటిమాట హాల్టింగ్ ఎవరూ ఇవ్వరు. మా ఆఫీసూ ఇవ్వదు, నిజం చెబుతున్నా.

స్టీరింగ్_మీద:

ఓనర్లూ బ్రోకర్లూ అయిపోయారు కాబట్టి డ్రైవర్ మాట కూడా వినండి. అన్నా, యాప్‌లో దయచేసి మీ నంబరు పెట్టండి, మీ బావమరిది నంబరు కాదు. బండి పెట్టిన క్షణం నుంచి ఫోన్ మోగుతూనే ఉంటుంది, సుంకి ఘాట్‌లో ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని 'ఎన్ని టన్నులు సార్' అని అడిగే పరిస్థితి ఎవరికీ వద్దు. లోడు ఖాయం అయ్యాక ఫ్యాక్టరీ లొకేషన్, అక్కడ మాట్లాడాల్సిన మనిషి నంబరు డ్రైవర్‌కి పంపితే చాలు. ట్రాకింగ్‌కి డ్రైవర్ సిమ్‌కి మెసేజ్ వస్తుంది, దానికి సరే అని జవాబిస్తేనే పని చేస్తుంది, అది మాత్రం ముందే చెప్పి ఉంచండి. తెలియక ఊరుకుంటే 'డ్రైవర్ సహకరించడం లేదు' అని కిరాయిలో కోస్తారు.

రాడ్ల లోడు గురించి. ఫోన్‌లో పద్దెనిమిది టన్నులు అంటారు, అక్కడికి వెళ్లాక 'ఇంకో రెండు కట్టలే కదా, టన్ను రేటు ఇస్తాం' అంటారు. 2018లో పెంచిన లెక్క ప్రకారం పది టైర్లకి బండితో కలిపి 28.5 టన్నులు. ఖాళీ బండి పది టన్నులు ఉంటే మిగిలింది పద్దెనిమిదిన్నర. దాటితే చట్టంలో 20 వేలు, ఆపైన టన్నుకి రెండు వేల చొప్పున జరిమానా, పైగా ఎక్కువ సరుకు అక్కడే దించమంటారు. దించిన రాడ్లకి కాపలా డ్రైవరే. లోపలికి వెళ్లేటప్పుడు ఖాళీ కాటా చీటీ, ఎక్కాక లోడు కాటా చీటీ రెండూ తీసుకుని ఫోటో ఓనర్‌కి పంపిస్తాను, తర్వాత దిగేచోట బరువు తగ్గిందంటే అదే ఆధారం.

ఇంకా, రాడ్లు ఎక్కితే గొలుసులు, తాళ్లు ఎన్ని ఉన్నాయో ముందే చూసుకోవాలి. పొట్టంగి నుంచి సాలూరు దిగేటప్పుడు గట్టిగా బ్రేక్ పడితే కట్టలన్నీ క్యాబిన్ మీదకే జారుతాయి. ముందు వరస చెక్కకి ఆనించి పేర్చించి, మధ్యలోనూ వెనకా బిగించి కట్టి, పది కిలోమీటర్లు పోయాక ఆపి మళ్లీ బిగించాలి, మొదటి కుదుపులకి వదులైపోతాయి. బియ్యం అయితే ఆ బాధ లేదు కానీ టార్పాలిన్‌లో చిల్లు ఉండకూడదు. కొబ్బరికాయలకి వాడిన పాత పట్టా కప్పుకుని వానాకాలంలో పోర్టుకి వెళితే తడిసిన బస్తాకి డబ్బులు మీ కిరాయిలోంచే పోతాయి.

రాజాం_పద్దులు:

నేను లారీవాళ్లకి లెక్కలు రాస్తాను, ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఈ-వే బిల్లు (సరుకు తరలించేటప్పుడు జీఎస్టీ కింద తీసే కాగితం) గురించి చెబుతాను. 50 వేలు దాటిన సరుకుకి అది ఉండాలి, అందులో పార్ట్-బిలో మీ బండి నంబరే ఉండాలి. యాప్‌ లోడ్లలో జరిగే తప్పు ఏమిటంటే, ముందు మాట్లాడుకున్న బండి రాకపోతే మీ బండికి ఎక్కిస్తారు, బిల్లులో పాత నంబరు అలాగే ఉండిపోతుంది. గేటు దాటే ముందు బిల్లులో ఉన్న బండి నంబరు డ్రైవర్ చదివి చూసుకోవాలి. గడువు 200 కిలోమీటర్లకి ఒక రోజు. బిల్లు పొద్దున తీసి బండి మర్నాడు రాత్రి లోడ్ చేస్తే ఆ రోజులు గడువులోంచే పోతాయి. బండి దారిలో చెడిపోతే గడువు అయిపోవడానికి ఎనిమిది గంటల ముందు నుంచి అయిపోయిన ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవచ్చు, వెంటనే ట్రాన్స్‌పోర్టర్‌కి ఫోన్ చెయ్యాలి. పట్టుబడితే కట్టాల్సింది పన్నుకి రెట్టింపు. పది లక్షల ఇనుముకి 18 శాతం పన్నంటే లక్షా ఎనభై వేలు, దానికి రెట్టింపు మూడు లక్షల అరవై వేలు. అది సరుకువాడు కట్టాల్సిందే, కానీ కట్టేదాకా నిలిచిపోయేది మీ బండి.

కిరాయిలో టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తున్నారా? పది లారీలకి మించి లేనివాళ్లు పాన్ కార్డుతో డిక్లరేషన్ రాసి ఇస్తే కోయకూడదు. ఒక్క కాగితం. చాలామంది ఇవ్వరు, కోయించుకుంటారు, తర్వాత రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోరు.

బొబ్బిలి_టు_డల్లాస్:

మా అన్నయ్య అమెరికాలో ట్రకింగ్ కంపెనీలో డిస్పాచర్, అందుకని కాస్త చూశాను. అక్కడ లోడు బోర్డులు, అంటే మన లోడు యాప్ లాంటివి, పాత విషయం, 1978లో పోర్ట్‌లాండ్‌లో ఓ ట్రక్ స్టాప్‌లో డయల్-ఎ-ట్రక్ అని మొదలైంది, ఇప్పుడు డాట్ అంటారు. అక్కడ బ్రోకర్‌కి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి, 75 వేల డాలర్ల బాండ్ ఉండాలి, డబ్బు ఎగ్గొడితే ట్రక్కువాడు దాని మీద క్లెయిమ్ వేస్తాడు. ఏ బ్రోకర్ సగటున ఎన్ని రోజుల్లో డబ్బు కడతాడో బోర్డులోనే కనిపిస్తుంది. మనకి ఆ బాండ్ లేదు కాబట్టి గాజువాక ఆయన చెప్పిన 90 శాతం అడ్వాన్సే మన బాండ్ అనుకోవాలి.

వాళ్ల దగ్గర నచ్చింది ఇంకొకటి. వెళ్లే లోడు రేటు మాట్లాడేటప్పుడే తిరుగు లోడు దొరకని ఊరైతే ఆ ఖాళీ దూరాన్ని అందులో కలిపి అడుగుతారు. మనవాళ్లు కొబ్బరికాయల రేటు ఏళ్ల తరబడి అదే పట్టుకుని, ఆ నష్టాన్ని తిరుగు లోడు మీద రాబట్టాలని చూస్తారు.

ఉద్దానం_పదిటైర్లు:

అందరికీ చాలా థాంక్స్. పేపర్ల ఫోటోల విషయం నాకు తట్టనే లేదు, ఇవాళే మా బావమరిదికి చెబుతాను. వ్యాపారితో రేటు మాట్లాడటం అంటారా, మా వైపు బండ్లు ఎక్కువ, నేను పెంచితే పక్కవాడు వెళ్లిపోతాడు. చూద్దాం, దసరా ముందు కాయకి గిరాకీ ఉన్నప్పుడు అడిగి చూస్తాను.

సాలూరు అన్నా, కాకినాడ పోర్టులో బియ్యం బండ్లు క్యూలో రోజుల తరబడి ఉంటాయని విన్నాను. నిజమేనా? అలా అయితే మీ రోజు లెక్క తలకిందులవుతుంది కదా.

సాలూరు_ఘాట్:

ఉంటాయి. ఓడ వచ్చి లోడవుతున్నప్పుడు ఒకలా ఉంటుంది, గోడౌన్లు నిండిపోయినప్పుడు ఇంకోలా. అందుకే బియ్యం లోడు ఒప్పుకునే ముందు రెండు మాటలు అడుగు: పోర్టులో దింపుతారా, బయట గోడౌన్‌లోనా, ఇవాళ అక్కడ ఎన్ని బండ్లు ఆగి ఉన్నాయి. మిల్లువాడు 'ఏమీ లేవు' అంటాడు, వాడి మాట వదిలెయ్. కాకినాడలో ముందే ఉన్న మన బండి డ్రైవర్ ఎవరికైనా ఫోన్ కొట్టు. మన రెండు జిల్లాల బండి ఏదో ఒకటి అక్కడ లేని రోజంటూ ఉండదు. క్యూ ఎక్కువ ఉందంటే వైజాగ్ లోడు చూసుకో, కిరాయి కాస్త తక్కువైనా పర్లేదు, అక్కడి నుంచి ఇల్లు దగ్గర.

గాజువాక_బుకింగ్:

వైజాగ్ వస్తే ముందురోజే మెసేజ్ పెట్టండి. శ్రీకాకుళం, పలాస వైపు లోడు ఏముందో చూసి చెబుతాను. హాల్టింగ్ మాత్రం అడక్కండి.